చిరుగు చూశాకే కత్తెర

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే మాట: ఇంట్లో పాతవి ఉన్నాయి, పారేయబుద్ధి కావడం లేదు, ఏం చేయాలో తోచడం లేదు. నాలుగింటికి జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకున్నాను, నా చేతులు బాగా ఎరిగిన పని అదే కాబట్టి.

ప్రశ్న: అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆవిడ ట్రంకుపెట్టె నిండా నేత చీరలు, అడుగున రెండు పట్టుచీరలు ఉన్నాయి. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్ళకు వేయడానికి మనసొప్పలేదు. ఫోన్‌లో ఎన్నో బొమ్మలు చూశాను. కుషన్ కవర్లు, సంచులు, గోడకు తగిలించేవి, అన్నీ బాగానే ఉన్నాయి. తీరా చీర ముందేసుకుని కూర్చుంటే చెయ్యి ఆడడం లేదు. నాకు అసలు ఊహే లేదేమో అనిపిస్తోంది మేడమ్.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: ఊహ లేక కాదమ్మా. ఆ బొమ్మలన్నీ ఇంకెవరి చీరలతోనో చేసినవి. వాటిని కొన్నాళ్ళు పక్కన పెట్టి, మీ అమ్మగారి చీర ఒకటి తీసి, ఉదయపుటెండ పడే చోట దండెం మీద పొడవునా ఆరేయండి. మీరు ఎండకు ఎదురుగా నిలబడి, గుడ్డ గుండా వచ్చే వెలుతురు చూడండి. ఎక్కడ నేత పలచబడిందో, ఎక్కడ గట్టిగా ఉందో తెలిసిపోతుంది.

కట్టిన చీర అంతా ఒక్కలా వెలవదు. లోపల దోపుకున్న చెంగుకు ఎండ తగలదు, కొన్ననాటి రంగు అక్కడే దాక్కుని ఉంటుంది. కుచ్చిళ్ళ దగ్గర కింది అంచు నేలకు రాసుకుని పోగులు లేస్తుంది. భుజం మీద పైట నిలిచే చోట పిన్ను చిల్లులుంటాయి. వంటింట్లో చెయ్యి తుడుచుకునే కొంగు మూలకు పసుపు మరక ఉండిపోతుంది. అంటే ఒకే చీరలో ఒకే రంగు ముదురు నుంచి లేత దాకా ఎన్నో ఛాయల్లో ఉందన్నమాట. కొత్త గుడ్డ మీద ఇలాంటి ఛాయలు తెప్పించడం ఎంత చెయ్యి తిరిగిన అద్దకందారుకైనా కష్టం. మీ డిజైను అక్కడుంది. ముక్కలను రంగుల వారీగా కాకుండా వెలిసిన వరసలో నేల మీద పేర్చి చూడండి, చెయ్యి దానంతటదే కదులుతుంది.

నేను కుట్టిన బొంతల్లో నాకు ప్రాణమైనది మా మేనత్త మంగళగిరి చీరది. వంగపండు రంగు. లోపలి చెంగు ముక్కలు నడిమధ్యన పెట్టి, వెలిసినకొద్దీ బయటికి జరుపుతూ పోయాను. అంచుకు వచ్చేసరికి అది దాదాపు బూడిదరంగు. వేరే గుడ్డ ఒక్క ముక్క కూడా కలపలేదు. పసుపు మరకలున్న కొంగు మూలను కూడా తీసేయలేదు. ఆవిడ చెయ్యి తగిలిన చోటు అదే కదా.

ఈ పని ఎంత దూరం వెళ్ళగలదో మీకు తెలియాలి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చిన్న నల్లజాతి పల్లె ఉంది. అక్కడ మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ భర్త పోయాక, 1942లో ఆయన పొలం బట్టలతో ఒక బొంత కుట్టుకుంది. ఆ వెలిసిన నీలాలు, మట్టి మరకలు, మాసికలు అన్నీ అలాగే ఉంచింది. ఆయన్ని తలుచుకుంటూ కప్పుకోవడానికే అలా కుట్టిందని తర్వాత కూతురు చెప్పింది. ఆ పల్లె ఆడవాళ్ళ బొంతలు 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గోడలెక్కాయి. 2006లో అమెరికా తపాలాశాఖ వాటితో స్టాంపులు వేసింది. వాళ్ళు చిత్రకళ బళ్ళో నేర్చుకున్నవాళ్ళు కారు. ఉన్న గుడ్డను చూసి, దానికి తగ్గట్టు కుట్టారు.

ఇక పని సంగతి. చీరల్ని కుంకుడురసంలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేయండి. నూలు చీరను కత్తిరించవద్దు. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి చించండి, పోగు వెంట తిన్నగా చిరుగుతుంది. రెండు చేతులతో మెల్లగా లాగితేనే పిగిలిపోయే చోటును పైకి పెట్టకండి, లోపలి పొరకు వాడండి. ఆరు గజాల చీర అంటే 18 అడుగులు. దాన్ని మూడు మడతలు వేస్తే 6 అడుగుల పొడవు వస్తుంది. పన్నా నాలుగడుగులకు కాస్త తక్కువ. అంటే ఒక మనిషి కప్పుకునే బొంతకు అడుగు పొరలు ఒక్క చీరతోనే అయిపోతాయి. పైన మీ ముక్కలు పేర్చి, చేత్తో రన్నింగ్ కుట్టు వేసుకుంటూ పోండి. దారం కొననక్కర్లేదు కూడా. బెంగాలులో కాంతా అనే బొంతలు కుట్టే ఆడవాళ్ళు పాత చీర అంచుల నుంచే రంగు పోగులు లాగి కుట్టేవారు. మీ అమ్మగారి చీరల అంచులు గట్టిగా ఉంటే మీరూ ప్రయత్నించండి.

ముందే బొమ్మ గీసుకోవాలనే భయం ఉంటే సిద్దీల పద్ధతి పట్టండి. ఉత్తర కర్ణాటకలో యల్లాపుర, హళియాళ వైపు, ఒకప్పుడు ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీ కుటుంబాల ఆడవాళ్ళు కవంది అనే బొంత కుడతారు. ఒక మూల నుంచి మొదలుపెట్టి, అంచు వెంట ముక్క పక్కన ముక్క పెడుతూ, చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారు. ముందు గీత ఉండదు, కొలత ఉండదు. ఏ ముక్క తర్వాత ఏది అన్నది అప్పటికప్పుడు కన్ను తేలుస్తుంది. మొదటిసారి కుట్టేవాళ్ళకు ఇంతకంటే దయగల పద్ధతి నేనెరగను.

పట్టుచీరల జోలికి మాత్రం తొందరపడి వెళ్ళకండి. మడతల దగ్గర పట్టు చిట్లిందా చూడండి. చిట్లకపోతే అది ఇంకా చీరే, కట్టుకోండి. చిట్లితే ఇస్త్రీ పెట్టకుండా పలచని నూలుగుడ్డ మీద పరిచి, దానికి కలిపి కుట్టుకున్నాకే ఏదైనా చేయండి. జరీ నల్లబడిందని పాత పట్టుచీరలు కొనేవాళ్ళకు ఇచ్చేయకండి. అసలు జరీలో వెండి ఉంటుంది, వెండి గాలికి నల్లబడుతుంది. వాళ్ళు దాన్ని కాల్చి వెండి తీసుకుంటారు, నేత బూడిదైపోతుంది. ఒక పోగు లాగి చూస్తే పాత జరీ లోపల ఎర్రటి పట్టుదారం కనిపిస్తుంది. అలాంటి అంచు దొరికితే దాన్ని ముక్కలు చేయవద్దు. కొత్త నూలు చీరకో దుపట్టాకో పొడవునా వేయించుకోండి.

ప్రశ్న: మా తాత కట్టిన భవంతి ఇల్లు కూల్చి కొత్తది కడుతున్నం. టేకు దర్వాజ, మొగురాలు, దూలాలు ఉన్నయి. కోత మిల్లు వాళ్ళు అంతా కలిపి ఒక రేటు చెప్పిన్రు. దర్వాజ మీద చెక్కడం మస్తుంటది. దాని మీద అద్దం వేసి టీపాయ్ చేయిస్తె బాగుంటదని దోస్తులు అంటున్నరు. మీరేమంటరు మేడమ్?
– ఒక యువకుడు, కరీంనగర్

జవాబు: వద్దు బాబూ. నిలబడి చూడాల్సిన చెక్కడాన్ని పడుకోబెట్టి దాని మీద కప్పులు పెట్టవద్దు. దర్వాజను దర్వాజగానే నిలబెట్టు. దానికి ఇప్పుడే సమయం, గోడలు లేవక ముందు. పాత దర్వాజలు ఇప్పటి కొలతలకు పొట్టిగా, ఇరుకుగా ఉంటాయి. గోడ కట్టాక ఇరికించాలంటే కుదరదు. ఈ వారమే కొలతలు తీసి మేస్త్రీకి ఇచ్చి, దాని చుట్టూ ఇల్లు కట్టమను. సింహద్వారానికి సరిపోకపోతే దేవుడి గదికో, లోపలి హాలుకో పెట్టుకో.

విప్పే ముందు ప్రతి ముక్క మీద సుద్దతో అంకె వేసి, ఫొటో తీసి పెట్టుకో. చాలా పాత తలుపులకు బందులుండవు. తలుపు చెక్కకే పైన, కింద కొమ్ములు చెక్కి, దర్వాజ చట్రంలోని గుంటల్లో తిరిగేలా అమరుస్తారు. తొందరపడి గుంజితే ముందు విరిగేవి ఆ కొమ్ములే. గోడలో పూడి ఉన్న కొసలకు చెమ్మ పట్టి చెద తిని ఉండొచ్చు, అంతవరకు కోసేయించు. పాత ఎనామెల్ రంగు పొరలుంటే పొడిగా గరుకు కాగితం పెట్టి రుద్దించకు. ఆ రోజుల్లో రంగుల్లో సీసం కలిపేవారు, ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోకూడదు. తడి చేసి, ముక్కుకు మాస్కు కట్టుకుని గీయించాలి.

దూలాల్లో మేకులన్నీ పీకించాకే రంపానికి ఇవ్వు. పలకలు కోయిస్తే మెట్లకూ, పుస్తకాల అరలకూ వస్తాయి. అన్నేళ్ళు ఆరిన టేకు ఇక వంగదు. కొత్త కర్రకు ఎంత డబ్బు పోసినా ఆ గుణం దొరకదు. మేకుల చిల్లుల్ని లప్పంతో పూడ్చకుండా వదిలేస్తే నాకు సంతోషం.

వీలైతే ఒకసారి చెన్నై దాటాక ముట్టుకాడులో ఉన్న దక్షిణచిత్ర అనే పాత ఇళ్ళ మ్యూజియానికి వెళ్ళి రా. 1996లో తెరిచారు. చెట్టినాడు వర్తకుల ఇంటిని విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు. స్తంభానికీ దర్వాజకూ మధ్య ఎంత ఖాళీ వదిలారో గమనించు. చెక్కడం బాగుండడంలో ఆ ఖాళీ పాత్ర చాలా ఉంది. కొత్త ఇంట్లో దర్వాజ పక్కనే చెప్పుల స్టాండు పెట్టకుండా ఉండడానికి అది చూస్తే చాలు.

ప్రశ్న: జుమ్మెరాత్ బజార్లో కలంకారీ అద్దకం అచ్చు ఒకటి దొరికింది. ఒక మూల విరిగింది. పాలిష్ చేయించి గోడకు తగిలించనా?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పాలిష్ వద్దు. ముందు దానితో అచ్చు వేసి చూడండి. పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో సందుల్లో గట్టిపడిన రంగును దులిపి, కొబ్బరినూనె పట్టించి కొన్ని రోజులు నీడన ఉంచండి. వెనకవైపు పిడి దగ్గర నుంచి చిన్న రంధ్రాలుంటే పూడ్చకండి, అచ్చు కొట్టినప్పుడు గాలి పోవడానికి పెట్టినవి అవి. కలంకారీ అద్దకం చేసే పెడనలో నల్లరంగును తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ళలో ఊరబెట్టి తీస్తారు, గుడ్డను ముందు కరక్కాయ నీళ్ళలో ముంచుతారు. మీకు అంత పెట్టుకునే ఓపిక లేకపోతే బజారులో దొరికే ఫ్యాబ్రిక్ రంగు చాలు. విరిగిన మూల ఉన్న అచ్చును నేనైతే వరసగా వేయను. ప్రతిసారీ పావు చుట్టు తిప్పి నాలుగు అచ్చులు కలిపి వేస్తే, ఆ నాలుగు విరుగులూ మధ్యలో కలిసి చెక్కినవాడు ఎన్నడూ అనుకోని పువ్వొకటి పూస్తుంది. అది మీ ఒక్కరిదే. కర్చీఫు ముక్క మీద వేసి చూసుకుని, నచ్చాక మంచి గుడ్డ ముట్టుకోండి.

ప్రశ్న: ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. పనికిరాని వస్తువులతో బొమ్మలు చేయమంటే ఏటా పిల్లలు ప్లాస్టిక్ సీసా పూలకుండీలూ, ఐస్‌క్రీమ్ పుల్లల ఇళ్ళూ తెస్తున్నారు. కొత్తగా ఆలోచించేలా చేయడం ఎలాగమ్మా?
– ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: మాస్టారూ, 'బొమ్మ చేసి తీసుకురండి' అనడం మానేసి, 'ఒకే రకం వస్తువు బస్తాడు పోగు చేయండి' అనండి. పారేసిన వస్తువులతో చేసిన శిల్పాల తోట, చండీగఢ్ రాక్ గార్డెన్, అలాగే పుట్టింది. నేక్ చంద్ అక్కడ ప్రజాపనుల శాఖలో రోడ్ల ఇన్‌స్పెక్టరు. కొత్త నగరం కోసం పడగొట్టిన పల్లెల శిథిలాలు, పగిలిన గాజులు, పింగాణీ పెంకులు, రాళ్ళు అడవిలో ఒక చోటికి చేరవేసుకుంటూ, ఎవరికీ చెప్పకుండా ఏళ్ళ తరబడి పనిచేశారు. 1976లో దాన్ని ప్రజలకు తెరిచారు. గాజుముక్కలు వేలకొద్దీ ఒక్క చోట చేరితే అవే చీర కుచ్చిళ్ళలా కనిపిస్తాయి. పది ముక్కలుంటే ఆ సంగతి ఎవరికీ తట్టదు.

మీ ఊరు సముద్రానికి దగ్గరైతే తెగిన వలలు, తాళ్ళు పోగు చేయించండి. లేదంటే కొబ్బరి చిప్పలు, సైకిలు షాపు ట్యూబులు, దర్జీ దగ్గర మిగిలే గుడ్డపీలికలు. తెచ్చాక ఒక పీరియడ్ మొత్తం వేరు చేయడానికే ఇవ్వండి: పెద్దవి ఒక కుప్ప, వంపువి ఒక కుప్ప, రంగు పోయినవి ఒక కుప్ప. జిగురు సీసా ఆ రోజు బయటికి తీయకండి. ఏ కుప్ప దగ్గర ఏ పిల్లవాడు ఎక్కువసేపు కూర్చున్నాడో రాసుకుని, మరుసటి వారం ఆ కుప్ప వాడికే అప్పజెప్పండి. పగిలిన గాజు, పింగాణీ మాత్రం చిన్న తరగతుల చేతికి ఇవ్వవద్దు.