ముందు మురుగు పోయే దారి చూడు చిన్నీ

చిన్నీ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, అమలాపురానికి రాబోయే 30 ఏళ్ళకి సరిపడా మంచినీళ్ళ ప్లానూ అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ప్లానూ రాసే టీమ్‌లో నిన్ను వేశారంట, లెక్కలన్నీ నువ్వే చూస్తావంట. వినగానే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, మీ అత్తకి చెప్పా, వీధిలో కనబడినోళ్ళందరికీ చెప్పా, మా మేనకోడలు ఊరికి నీళ్ళ ప్లాన్ రాస్తోందని. రాత్రి పడుకున్నాక మాత్రం భయం పట్టుకుంది. ఈ పనిలో తప్పు జరిగితే ఆ ఏడాది బయటపడదమ్మా, పదేళ్ళకో పదిహేనేళ్ళకో పడుతుంది, అప్పటికి రాసినోళ్ళు ట్రాన్స్‌ఫర్ అయిపోయుంటారు, కుళాయి తిప్పుకునేవాళ్ళు అక్కడే ఉంటారు. అందుకే తెల్లారగానే కూచుని ఇది టైప్ చేస్తున్నా, పొడుగైపోతే ఏమీ అనుకోకు, చివరిదాకా చదువు.

నీకు తెలిసినవి చెప్పి విసిగించను. డ్రైనేజీ ఉన్న ఊరికి మనిషికి రోజుకి 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగై తిరిగొస్తుంది, కట్టడాలు 30 ఏళ్ళకీ, పంపులు 15 ఏళ్ళకీ సరిపడేలా వెయ్యాలి. స్పేర్ పంపు లేకుండా పంప్‌హౌస్ రాయకు. చివరి కుళాయిలో క్లోరిన్ లీటరుకి 0.2 మిల్లీగ్రాముల కంటే తగ్గకూడదు. ఇవన్నీ మాన్యువల్‌లో ఉన్నాయి, చూసుకో.

నేను చెప్పాలనుకున్నది మాన్యువల్‌లో ఇంత గట్టిగా ఉండదు. వచ్చే నీళ్ళ సంగతి తర్వాత, ముందు పోయే నీళ్ళ దారి రాయి. లక్ష మంది అనుకో, రోజుకి కోటీ 35 లక్షల లీటర్లు ఊళ్ళోకి తెస్తావు, కోటీ 8 లక్షల లీటర్లు బయటికి పోవాలి. ఎక్కడికి పోతాయి? మన దగ్గర పల్లమెక్కడుంది? పై ఊరి మురుగు పడే కాలవే కింద ఊరికి మంచినీళ్ళ కాలవ. నువ్వు ట్యాంకీ కట్టించి శభాష్ అనిపించుకున్న రోజే శివారు ఊళ్ళో ఎవరో ఆ నీళ్ళు తాగుతారు, ఆ మనుషులు నీ డ్రాయింగ్‌లో ఎక్కడా ఉండరు.

నా భయమేంటో నీకు అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి, మీ అమ్మకి కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలు, వెస్ట్రన్ డెల్టాలో ఒక మున్సిపాలిటీ, పేరెందుకులే. అప్పటిదాకా అక్కడ వీధి కుళాయిలే, ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని లైన్లో నిలబడేవాళ్ళు. పెద్ద ఓవర్‌హెడ్ ట్యాంక్ శాంక్షన్ అయింది, ఇంటింటికీ కనెక్షన్ అన్నారు, ఊరంతా పండగ. డిజైన్ చేసిన పెద్దలు చాలా తెలివైనవాళ్ళు, వాళ్ళని తక్కువ చెయ్యడానికి రాయట్లేదు, నీళ్ళ వైపు లెక్కంతా పక్కాగా ఉంది. మురుక్కి మాత్రం 'రెండో దశలో చూద్దాం' అని ఒక ముక్క రాసి వదిలేశారు. ఆ రెండో దశకి డబ్బులు రానే లేదు.

బిందెతో మోసుకున్నన్నాళ్ళు నీళ్ళు ఆచితూచి వాడినోళ్ళు, ఇంట్లోకి కుళాయి వచ్చాక స్నానాలకీ బట్టలకీ వాకిలి కడగడానికీ ధారాళంగా వాడారు, వాళ్ళ తప్పేం లేదు, అందుకేగా ఇచ్చింది. ఆ నీళ్ళన్నీ రోడ్డు పక్కన అడుగు వెడల్పు కాలవలోకే వచ్చాయి. ఆ కాలవ వాలు ఎప్పుడో పోయింది, గుర్రపుడెక్క పట్టేసింది, పైగా రోడ్డు మీద రోడ్డు వేసి మెరక చేసేసరికి ఇళ్ళు పల్లమైపోయాయి. నీరు నిలవుండిపోయింది. ఇంటి కనెక్షన్ ఇచ్చినప్పుడు ఫిట్టర్లు ఏం చేశారంటే, రోడ్డు పక్క మెయిన్ నుంచి ఇంట్లోకి జీఐ పైపుని మురుగు కాలవ మధ్యలోంచే దాటించారు, కాంట్రాక్టర్‌కి అది దగ్గర దారి, ఎస్టిమేట్‌లో దానికి స్లీవ్, అంటే పైన తొడిగే పెద్ద పైపు, లేదు, చూసిన వాళ్ళెవరూ ఆపలేదు. ఇనప పైపు ఏళ్ళ తరబడి మురుగులో నానితే ఏమవుతుంది? సూదిమొనంత చిల్లు చాలు. నీళ్ళు వదిలేది పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. మిగతా టైమంతా పైపులో ప్రెషర్ ఉండదు, బయట మురుగు నిలబడి ఉంటుంది, ఆ చిల్లులోంచి లోపలికి జారుతుంది, మళ్ళీ వాల్వ్ తిప్పగానే మొదట వచ్చే నీళ్ళతో నేరుగా బిందెలోకి.

తొలకరి వానలు పడ్డ వారానికి ఒకే వీధి నుంచి వాంతులూ విరోచనాలూ అని మనుషులు వరసగా ఆస్పత్రికి రావడం మొదలైంది. మమ్మల్ని టెస్టింగ్ బాటిల్స్ ఇచ్చి ఇంటింటికీ పంపారు. ట్యాంక్ దగ్గర పట్టిన నీళ్ళలో క్లోరిన్ చూసే మందు చుక్క వేస్తే చక్కగా పసుపు రంగు వచ్చింది, అక్కడ అందరూ ఊపిరి పీల్చుకున్నారు, మాది తప్పు కాదు అన్నారు. వీధి చివరికెళ్ళి పడితే రంగే లేదు, నీళ్ళు తెల్లగా అలాగే ఉన్నాయి, క్లోరిన్ మొత్తం దారిలోనే చచ్చిపోయింది. కాలవలో చెయ్యిపెట్టి తడిమి తడిమి చిల్లు పట్టుకునేసరికి ఆలస్యమైపోయింది. ఆ వీధిలో ఒక చంటిపిల్ల దక్కలేదమ్మా. వాళ్ళ నాన్న సైకిల్ మీద కొబ్బరికాయలు అమ్మేవాడు, మా మీద కేకలెయ్యలేదు, ఏమీ అనలేదు, కుళాయి విప్పి తీసుకుపొమ్మన్నాడు అంతే. మళ్ళీ వీధి కుళాయికే బిందె పట్టుకెళ్ళేవాళ్ళు ఆ ఇంట్లోవాళ్ళు.

అందుకే చెప్తున్నా, నీ ప్లాన్‌లో ఎక్కడా 'డ్రైనేజీ రెండో దశ' అన్న మాట నాకు కనబడకూడదు. ఎవరన్నా ఒత్తిడి పెడితే ఊరిని సగం చేసుకో, సగం వార్డులకే నీళ్ళూ మురుగూ రెండూ కలిపి పూర్తి చెయ్యి, మిగతా సగానికి రెండూ కలిపి తర్వాత చెయ్యి. అంతేగానీ ఊరంతటికీ నీళ్ళిచ్చి మురుగు గాలికి వదిలెయ్యకు. ఇంటి పైపు కాలవని దాటాల్సి వస్తే కాలవ కింద నుంచో, చప్టా పైనుంచో, అది కూడా స్లీవ్‌లోంచి, అదీ ఎస్టిమేట్‌లో విడిగా ఐటమ్ రాసి. ఐటమ్ లేని పని ఎవరూ చెయ్యరు. వీలైతే రోజంతా ప్రెషర్ ఉండేలా సప్లై రాయి, మొత్తం ఊరికి కుదరకపోతే ఒక జోన్‌తో మొదలెట్టు, మీటర్లు పెట్టు, లీకులు ఎక్కడున్నాయో ఆ జోన్‌లోనే బయటపడిపోతాయి.

ఇంక డ్రైనేజీ పైపు సంగతి. హైదరాబాద్ డ్రాయింగ్ తెచ్చి మన దగ్గర అతికించకు తల్లీ, అక్కడ రాయి, ఇక్కడ బంక మట్టి. 200 మిల్లీమీటర్ల పైపుకి 250కి ఒకటి వాలు ఇవ్వాలి, అంటే కిలోమీటరు వెళ్ళేసరికి 4 మీటర్లు కిందికి దిగాలి, రెండు కిలోమీటర్లకి 8. వానాకాలం కోనసీమలో ఎంత తవ్వితే నీళ్ళొస్తాయో నీకు చెప్పాలా, చిన్నప్పుడు మన పెరట్లో నువ్వు పుల్లతో తవ్వి నీళ్ళొచ్చాయని గంతులేసేదానివి. అలాంటి చోట నాలుగు మీటర్ల ట్రెంచ్ అంటే పక్కలు కూలతాయి, అడుగునుంచి ఇసక పొంగుతుంది, మనుషులు చిక్కుకుపోతారు, పక్కలు కూలకుండా దన్ను పెట్టే షోరింగ్ లేకుండా ఒక్కణ్ణి కూడా దింపనివ్వకు. కాబట్టి చిన్న చిన్న జోన్లు చేసుకో, తక్కువ లోతు, మురుగుని పైకెత్తడానికి జోన్‌కో లిఫ్ట్ పంపు. పంపులు ఎక్కువైతే కరెంటు ఖర్చు ఎక్కువే, ఆ ఖర్చు 30 ఏళ్ళకీ లెక్కేసి కౌన్సిల్ ముందు పెట్టు, దాచకు. జాయింట్లు బాగోకపోతే భూమిలో నీళ్ళే పైపులోకి వచ్చి ఆ పంపుల్ని రాత్రింబగళ్ళూ తిప్పుతాయి.

ఇంకో చిక్కుంది ఇందులో. 30 ఏళ్ళ తర్వాత జనాభాకని పెద్ద పైపు వేస్తావు, ఈరోజు ఇళ్ళు తక్కువ, నీళ్ళు అడుగున పాకుతాయి, సెకనుకి 0.6 మీటర్ల వేగం రాదు, మడ్డి దిగి పూడుకుపోతుంది. కాబట్టి వాలు ఈరోజు పీక్ ఫ్లోకి, అంటే రోజులో అన్నిటికంటే ఎక్కువ పారే టైముకి చూడు, సైజు రేపటికి చూడు. ఇళ్ళు పల్చగా ఉన్న శివారుకి ఇప్పుడే పైపు వెయ్యక్కర్లేదు, సెప్టిక్ ట్యాంకులు సరిగ్గా కట్టించి రెండు మూడేళ్ళకోసారి తోడించే ఏర్పాటు చెయ్యి, తోడిన లారీ ఎక్కడ ఖాళీ చెయ్యాలో ప్లాంట్ చూపించు. చూపించకపోతే రాత్రిపూట పంట బోదెలోకి వదిలేస్తారు, ఇప్పుడు జరుగుతున్నది అదే.

జనాభా లెక్క దగ్గర జాగ్రత్త. 2011 సెన్సస్‌లో అమలాపురం 53 వేల చిల్లర, 2021లో జరగాల్సిన సెన్సస్ జరగలేదు. పాత లెక్కలు నాలుగు పెట్టి గ్రాఫ్ గీస్తే కంప్యూటర్ ఏదో అంకె ఇస్తుంది, కానీ 2022 ఏప్రిల్లో మన ఊరు జిల్లా కేంద్రం అయిన సంగతి ఆ గ్రాఫ్‌కి తెలీదు. ఆఫీసులొచ్చాయి, అద్దెలు పెరిగాయి, బైపాస్ వైపు వరి చేలు పూడ్చి లేఅవుట్లు వేస్తున్నారు. నువ్వే బండేసుకుని తిరుగు, శాటిలైట్ బొమ్మ చూసి ఊరుకోకు. లేఅవుట్ల ఫైళ్ళు చూడు, కొత్త కరెంటు మీటర్లు ఏ వైపు పెరుగుతున్నాయో చూడు. పూడ్చిన చేను ఒకప్పుడు వాన నీళ్ళు ఆగే చోటు, అది మెరకైతే ఆ నీళ్ళు పాత వీధుల్లోకి వస్తాయి, ఇది కూడా లెక్కలో ఉండాలి.

ఇప్పుడు వేసవి చెరువు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర నుంచీ ఈ డెల్టా బతుకంతా కాలవ మీదే, వేసవిలో కాలవకి నీళ్ళు కట్టేశాక చెరువులో నిలవ ఉన్నదే తాగాలి. ఏప్రిల్లోనో మేలోనో కట్టి జూన్‌లో వదులుతారు, రిపేర్లుంటే ఇంకా లేటు. 60 రోజులు వేసుకో. లక్ష మందికి 81 కోట్ల లీటర్లు, నాలుగు మీటర్ల లోతు చెరువంటే సుమారు 50 ఎకరాలు, ఎండకి ఆవిరయ్యేదీ అడుగున వాడుకోలేనిదీ కలపకుండానే. కోనసీమలో 50 ఎకరాలు ఎవరిస్తారు, ఎంతకిస్తారు? పదేళ్ళ తర్వాత అసలు దొరకదు. అందుకే డబ్బు తక్కువైతే పంపులు తర్వాత కొనచ్చు, పైపులు తర్వాత వెయ్యచ్చు, భూమి మాత్రం ముందు కొనిపించు, చెరువుకీ, మురుగు శుద్ధి ప్లాంట్‌కీ, లారీల ప్లాంట్‌కీ. కాలవ లేని రోజుల్లో బోర్లున్నాయి కదా అని ఎవరన్నా అంటే ఆ బోరు నీళ్ళు వాళ్ళ చేత్తోనే ల్యాబ్‌కి పంపించు, సముద్రం దగ్గర, పైగా చుట్టూ రొయ్యల చెరువులు, ఉప్పెంతో కాగితం మీదే వస్తుంది.

శుద్ధి ప్లాంట్ ఎక్కడ కట్టినా 1986 ఆగస్టు వరద మట్టం కనుక్కుని దానికి పైన కట్టు. ఆ ఏడాది ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది, 2022 జూలైలో కూడా మూడో ప్రమాద హెచ్చరిక దాటేసింది, చూశావుగా లంకల పరిస్థితి. గోదావరి పొంగినప్పుడు నది వెనక్కి తన్నకుండా, ఊరి నీళ్ళు మోసుకెళ్ళే పెద్ద డ్రెయిన్ చివర గేట్లు దించేస్తారు, అమావాస్య పున్నాలకి పోటు వచ్చినా డ్రెయిన్ లాగదు. ఆ రోజుల్లో నీ ప్లాంట్ నీళ్ళు ఎక్కడికి పోతాయో రాయి. జనరేటర్ కూడా రాయి, 1996 నవంబర్ తుఫానప్పుడు స్తంభాలన్నీ పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు, చెట్టు కింద రాలిన బోండాలు కొట్టుకుని తాగారు జనం. అన్నట్టు, భూమిలో కట్టే సంపు వానాకాలంలో ఖాళీ చేస్తే కింద నీళ్ళు పైకి లేపేస్తాయి, ఖాళీ సంపు బరువుతో అప్‌లిఫ్ట్ చెక్ చెయ్యి, ఇది చాలామంది వదిలేస్తారు.

ఎక్కువ కేకలేసినట్టున్నాను, కోపం కాదే. నువ్వు పరీక్షల ముందు తిండి మానేసి చదివే రకానివి, ఈ పనిలో కూడా అదే చేస్తావని నాకు తెలుసు. టైముకి తిను, సైట్‌కి వెళ్తే బూట్లేసుకో, మ్యాన్‌హోల్ మూత తీసి తల లోపల పెట్టకు, గ్యాస్ చూడకుండా ఎవర్నీ దిగమనకు, అవసరం పడితే పని ఆపించు, ఎవరేమన్నా సరే. పై ఆఫీసర్ ఫలానా అంకె తగ్గించమంటే ఎదురు మాట్లాడకు, 'రాసివ్వండి సార్' అని నెమ్మదిగా అడుగు.

లెవెల్స్ సర్వే పూర్తవగానే ఆ షీట్లు నాకు వాట్సాప్‌లో పంపు, డ్రెయిన్ అడుగు మట్టం, దాని వరద మట్టం రెండూ ఉండాలి అందులో, డిజైన్ మొదలెట్టకముందే పంపు. వచ్చే ఆదివారం ఖాళీ అయితే ఇంటికొచ్చెయ్యి, ఇద్దరం బండి మీద డ్రెయిన్ వెంట చివరి గేటు దాకా వెళ్ళొద్దాం, పోటు టైము నేను కనుక్కుని ఉంచుతా.

నీ మావయ్య