మిలిటరీ బాల్‌కి చీర కట్టుకునే వెళ్లండి

"అక్కా, మా ఆయన బెటాలియన్ వాళ్ల బాల్ ఉందట. ఇన్విటేషన్‌లో ఫార్మల్ అని రాశారు. గౌను కొనాలా? నాకు డాన్స్ కూడా రాదు, మానేస్తే ఏమైనా అనుకుంటారా?" అమెరికా ఆర్మీలో ఉన్న మనవాళ్లను పెళ్లి చేసుకుని కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఈ మధ్య తరచూ ఇదే అడుగుతున్నారు. గ్రీన్ కార్డు లేని విదేశీయులను కూడా సైన్యంలో చేర్చుకునే మావ్నీ పథకం 2009లో మొదలైనప్పుడు స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు కూడా కొందరు సైన్యంలో చేరారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఎప్పటినుంచో చేరుతున్నారు. అందుకే ఈ సందేహం ఇప్పుడు మన ఇళ్లలోకీ వచ్చింది.

మానేయకండి. గౌను కొనక్కర్లేదు, డాన్స్ రాకపోయినా ఫరవాలేదు. బాల్ అంటే యూనిట్ వాళ్లంతా కుటుంబాలతో కలిసే ఫార్మల్ విందు. పేరు వినగానే డాన్స్ పార్టీ అనుకుంటాం గానీ, అందులో సగం పైన సైనిక లాంఛనమే. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు కూర్చోవాలి, ఎక్కడ మౌనంగా ఉండాలి అన్నది తెలిస్తే చాలు, మిగతా టెన్షన్ అంతా పోతుంది.

ముందు బట్టల సంగతి. ఆడవాళ్లు పాదాల దాకా ఉండే గౌను వేసుకోవడం ఇక్కడి పద్ధతి. పట్టుచీర ఆ మర్యాదకు ఏమాత్రం తక్కువ కాదు. అయితే నాలుగైదు గంటల కార్యక్రమం, అందులో చాలాసేపు నిలబడాలి. బరువైన కంచిపట్టు కన్నా ఉప్పాడ, వెంకటగిరి లాంటి తేలిక చీర హాయిగా ఉంటుంది. పైట మడతలు పెట్టి భుజం దగ్గర గట్టిగా పిన్ను పెట్టుకోండి. ఆయన యూనిఫాం మీద ఎడమవైపు మెడల్స్ ఉంటాయి. ఫొటోకి దగ్గరగా నిలబడినప్పుడు జరీ పోగో, నెట్ పైటో వాటికి పట్టుకుందంటే విడదీసేసరికి ప్రాణం పోతుంది. నడిచేటప్పుడు మీరు ఆయనకు ఎడమవైపు ఉండండి. సెల్యూట్ చేయడానికి కుడి చెయ్యి ఖాళీగా ఉంచుకోవడం వాళ్ల అలవాటు. భార్య సైన్యంలో ఉండి భర్త అతిథిగా వెళ్తుంటే నల్ల సూటు, లేదా బంద్‌గలా నిక్షేపంలా సరిపోతుంది.

వస్తున్నామని జవాబు పంపేటప్పుడే భోజనం ఏది కావాలో అడుగుతారు. బీఫ్, చికెన్, వెజిటేరియన్‌లలో ఒకటి అప్పుడే ఎంచుకోవాలి. మీ తరఫున ఆయన హడావిడిగా ఏదో ఒకటి టిక్కు పెట్టేయకుండా పక్కన కూర్చుని చూసుకోండి. టికెట్ ధర చాలా యూనిట్లలో ర్యాంకును బట్టి ఉంటుంది. కింది ర్యాంకుల వాళ్లకు తక్కువే.

హాల్లోకి వెళ్లే ముందు రిసీవింగ్ లైన్ ఉంటుంది. పెళ్లి రిసెప్షన్‌లో వరుసగా స్టేజీ ఎక్కి వధూవరులను పలకరిస్తాం చూడండి, అలాగే కమాండర్‌ను, ముఖ్య అతిథిని, వాళ్ల భార్యనో భర్తనో పలకరిస్తూ ముందుకు సాగడం. మొదట నిలబడి ఉండే ఆఫీసర్ పని మీ పేరు అడిగి పక్కవాళ్లకు చెప్పడమే, ఆయనకు షేక్‌హ్యాండ్ ఇవ్వరు. పేరు స్పష్టంగా, నిదానంగా చెప్పండి. మన ఇంటిపేర్లు వాళ్లకు నోరు తిరగవు, అందులో మీ తప్పేమీ లేదు. చేతిలో గ్లాసు, ప్లేటు పెట్టుకుని ఆ వరుసలో నిలబడకూడదు. ఒక్క మాట పలకరింపు చాలు. ఎవరిని ఏమని పిలవాలో తోచకపోతే సర్, మేడమ్ అనండి.

హాల్లో ఒక చిన్న గుండ్రటి బల్ల ఒంటరిగా కనిపిస్తుంది. తెల్లటి గుడ్డ, ఒక ఎర్ర గులాబీ, వెలుగుతున్న కొవ్వొత్తి, ప్లేటులో నిమ్మచెక్క, కాస్త ఉప్పు, బోర్లించిన గ్లాసు, ఖాళీ కుర్చీ. తెలియనివాళ్లు ఖాళీ బల్లే కదా అని పర్సు పెట్టబోతారు. దాన్ని ముట్టుకోకండి. యుద్ధఖైదీలుగా చిక్కినవాళ్లు, జాడ తెలియకుండా పోయినవాళ్ల కోసం వేసిన బల్ల అది. నిమ్మచెక్క వాళ్ల చేదు రాతకు గుర్తు, ఉప్పు ఇంట్లోవాళ్ల కన్నీళ్లకు. అందరితో కలిసి గ్లాసు ఎత్తలేరు కాబట్టి వాళ్ల గ్లాసు బోర్లించి ఉంటుంది. ఒక గొంతు ఒక్కొక్క గుర్తు అర్థమూ చదివి వినిపిస్తున్నంతసేపూ హాలంతా చడీచప్పుడూ ఉండదు. ఈ ఒక్కటి చూడడానికైనా బాల్‌కి వెళ్లాలని నేను గట్టిగా చెబుతాను. మీ ఆయన ఎలాంటి ఉద్యోగంలో ఉన్నాడో ఆ బల్ల చెప్పినంత సూటిగా ఇంకెవరూ చెప్పరు.

జెండాలు లోపలికి తెచ్చేటప్పుడు, జాతీయగీతం వచ్చినప్పుడు లేచి నిలబడాలి. అమెరికా పౌరసత్వం ఉన్నవాళ్లు కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుంటారు. మీకింకా భారత పాస్‌పోర్టే ఉంటే చేతులు కిందికి ఉంచి నిటారుగా నిలబడితే చాలు. చాప్లిన్, అంటే సైన్యంలోని మతగురువు, ప్రార్థన చేస్తే మీ మతం ఏదైనా మౌనంగా ఉండండి, అంతకన్నా ఎవరూ ఆశించరు. తర్వాత టోస్ట్‌లు, అంటే ఒకరి గౌరవార్థం అందరూ గ్లాసులు ఎత్తడం. దేశాధ్యక్షుడికి అని ఒకరు అనగానే అందరూ అదే మాట తిరిగి అంటారు, మీరూ గొంతు కలపండి. మద్యం అలవాటు లేకపోతే గ్లాసు ఎత్తితే చాలు, తాగక్కర్లేదు. చనిపోయిన సైనికుల కోసం ఎత్తే టోస్ట్ చాలాచోట్ల నీళ్లతోనే, మౌనంగా జరుగుతుంది. పెద్ద గిన్నెలో రకరకాల మద్యం కలిపి, ఒక్కో సీసా యూనిట్ చరిత్రలో ఒక్కో ఘట్టానికి గుర్తని చెబుతూ పోస్తుంటే సరదాగా చూడండి. అది తాగాల్సిన పని మనకు లేదు.

కేకును కత్తితో, అంటే నిజమైన సైనిక ఖడ్గంతో, అక్కడున్న సైనికుల్లో వయసులో అందరికన్నా పెద్దవాళ్లు, చిన్నవాళ్లు కలిసి కోస్తారు. మెరైన్లకైతే, అంటే ఆర్మీ కాకుండా అమెరికాకున్న మరో సైనిక దళం వాళ్లకు, ఇది పెద్ద పండుగ. వాళ్ల దళం పుట్టినరోజు 1775 నవంబర్ 10. అందుకే వాళ్ల బాల్ ఏటా ఆ రోజుల్లోనే ఉంటుంది. పెద్దవాళ్లు తమ కేకు ముక్కను చిన్నవాళ్లకు అందిస్తారు. ఆర్మీ పుట్టినరోజు అదే ఏడాది జూన్ 14, కానీ బెటాలియన్ బాల్స్ ఏడాదిలో ఎప్పుడైనా పెట్టుకుంటారు.

డాన్స్ మొదలయ్యేది ఇవన్నీ అయ్యాకే. మీ బల్ల దగ్గర కూర్చున్న భార్యలతో మాట కలపండి. పిల్లల డాక్టరు, బేస్ మీద ఇల్లు, ఉద్యోగం వెతుక్కోవడం, ఇవన్నీ తెలిసినవాళ్లు వాళ్లే. ఆయన డెప్లాయ్‌మెంట్‌కి, అంటే విధుల మీద దూరప్రాంతానికి, వెళ్లాక అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చేదీ వాళ్లే. అయితే యూనిట్ ఎప్పుడు, ఎక్కడికి కదులుతుందన్నది అక్కడ అడగకండి, ఫొటోల కింద ఫేస్‌బుక్‌లో రాయకండి.

ముఖ్య అతిథి వెళ్లకముందే మీరు లేచి వెళ్లిపోవద్దు. తిరుగు ప్రయాణం మాత్రం ముందే మాట్లాడుకోండి. తాగి నడిపి పట్టుబడితే సైనికుడికి ఉద్యోగమే ఊడిపోవచ్చు. మీకు లైసెన్సు వచ్చి ఉంటే తాళాలు మీ పర్సులో వేసుకోండి. లేకపోతే అదే హోటల్లో గది ముందే బుక్ చేసుకోండి, బాల్‌కి వచ్చేవాళ్లకు చాలాచోట్ల తగ్గింపు ధరకే ఇస్తారు.