కలిపిన బొమ్మలో ఒక్క ముక్కను కదపడం గురించి రాస్తున్న తమ్ముడికి

అనంతపురం

తమ్ముడూ,

ఇంక్‌స్కేప్ (కంప్యూటర్‌లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) పక్కన తెరిచి పెట్టుకుని, కలిపిన బొమ్మలో ఒక్క ముక్కను ఎలా కదపాలో చెప్పే నీ వ్యాసం చదివాను. చెప్పిన కమాండ్లన్నీ పనిచేస్తున్నాయి. తెలుగులో ఇలాంటివి ఓపిగ్గా రాసేవాళ్ళు తక్కువ కాబట్టి నువ్వు రాయడం మానకూడదని నా కోరిక. అందుకే కుదరని చోట్లు కూడా మొహమాటం లేకుండా చెప్తున్నా.

నీ మొదటి వాక్యం "పాత్ మెనూలో బ్రేక్ అపార్ట్ నొక్కండి" అని, అంటే కలిసిన బొమ్మను ముక్కలుగా విడదీసే కమాండ్‌తోనే ఉంది. చదివేదెవరో ఒకసారి ఆలోచించు. మీ కడపలో ఏడురోడ్ల దగ్గర ఫ్లెక్సీ షాపులో పనిచేసే కుర్రాడు అనుకుందాం. పక్కనే నిలబడ్డ కస్టమర్ "ఆ ఒక్క అక్షరం కొంచెం పైకి జరపన్నా" అంటున్నాడు. కుర్రాడు పట్టుకుని లాగితే పేరు మొత్తం కదులుతోంది. అతనికి ముందు కావాల్సింది మెనూ పేరు కాదు, ఆ బొమ్మ ఏ రకంగా కలిసి ఉందో తెలియడం. వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

కలపడంలో మూడు రకాలున్నాయి. నువ్వు మూడింటినీ ఒకే పేరాలో కలిపేశావు. గ్రూప్ చేస్తే ఏ ముక్కకా ముక్క తన రంగుతో సహా అలాగే ఉంటుంది. కంబైన్ చేస్తే అన్నీ ఒకే పాత్ (ఒకే వస్తువుగా లెక్కపడే గీత) అయిపోతాయి. గీతలన్నీ మిగులుతాయి గానీ రంగు మాత్రం అన్నిటికీ ఒకటే అవుతుంది. తర్వాత విడదీసినా పాత రంగులు తిరిగి రావు. యూనియన్ చేస్తే ఒకదాని మీద ఒకటి పడిన చోట లోపలి గీతలే మాయమవుతాయి, అన్‌డూ తప్ప వెనక్కి దారి ఉండదు. అందుకే యూనియన్‌కి ముందు కంట్రోల్+డి కొట్టి ఒక కాపీ పక్కన పెట్టుకోమని తప్పకుండా రాయి. ముందున్నది గ్రూపో పాతో తెలియాలంటే దాన్ని సెలెక్ట్ చేసి కింద స్టేటస్ బార్ చూస్తే చాలు.

గ్రూప్ గురించి రెండు వాక్యాలు సరిపోతాయి. అన్‌గ్రూప్ చేయనక్కర్లేదు, డబుల్ క్లిక్ చేస్తే లోపలికి వెళ్తాం. లేదా కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేస్తే ఆ ముక్క ఒక్కటే చిక్కుతుంది.

నీ కలం ఎక్కువసేపు నిలవాల్సింది కంబైన్ దగ్గర. ఉదాహరణకి నువ్వు ఒక వృత్తం, ఒక చతురస్రం తీసుకున్నావు. వాటి బదులు మన సున్నా తీసుకో. టెక్స్ట్‌ని పాత్‌గా మార్చాక సున్నాలో బయట ఒక వలయం, లోపల ఒక వలయం ఉంటాయి, రెండూ కలిసి ఒకే పాత్. దాని మీద బ్రేక్ అపార్ట్ కొడితే లోపలి వలయం విడిపోయి దానికీ రంగు నిండుతుంది. సున్నా కాస్తా నల్లటి బిళ్ళ అయిపోతుంది. చదివేవాడికి టెన్షన్ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే, నీ వ్యాసంలో ఆ మాటే లేదు. రెండింటినీ సెలెక్ట్ చేసి మళ్ళీ కంబైన్ చేస్తే చిల్లు తిరిగొస్తుందని చెప్పు. అసలు విడదీయకుండానే పని అవుతుందని కూడా చెప్పు: ఎన్ నొక్కి నోడ్ టూల్ తీసుకుని, లోపలి వలయం మీద ఒక్క నోడ్ (గీత ఆకారాన్ని పట్టుకునే చుక్క) క్లిక్ చేసి, కంట్రోల్+ఎ కొడితే ఆ వలయంలోని నోడ్లు మాత్రమే సెలెక్ట్ అవుతాయి. బాణం కీలతో జరిపితే చిల్లు ఒక్కటే జరుగుతుంది, బయటి గీత కదలదు.

దీనికి బొమ్మ కూడా మన దగ్గరే ఉంది. ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మలు చూశావు కదా (2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊరు). కిరీటం నిండా, హారం నిండా చిల్లులే, వెలుగు వాటిలోంచే వస్తుంది. అలాంటి కిరీటం ఒకటి నువ్వే గీసి, చిల్లులతో కలిపి కంబైన్ చేసి చూపించు. అక్కడ బ్రేక్ అపార్ట్ కొడితే ఎన్ని ముక్కలు చెల్లాచెదురవుతాయో చూసినవాడికి నోడ్ టూల్ విలువ ఇంక ఎవరూ చెప్పనక్కర్లేదు. కంబైన్ చేసినా చిల్లులు పూడుకుపోయి కనిపిస్తే కారణం ఫిల్ రూల్, అంటే గీతల లోపల ఎక్కడ రంగు నింపాలో తేల్చే నియమం. ఫిల్ అండ్ స్ట్రోక్ ప్యానెల్‌లో దానికి రెండు బటన్లున్నాయి. నాన్‌జీరో పద్ధతిలో లోపలి గీత బయటి గీతకు ఎదురు దిశలో నడిస్తేనే చిల్లు పడుతుంది, ఈవెన్ ఆడ్‌లో దిశతో పనిలేదు. ఇది వివరంగా రాయి, ఇంత అవసరమైన విషయం ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి చాలా ముఖ్యం. మన షాపుల్లో ఎక్కువగా నడిచేది కోరెల్‌డ్రా. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్+కె అంటే కంబైన్, కోరెల్‌లో అదే కీ బ్రేక్ అపార్ట్. అక్కడ కంబైన్‌కి కంట్రోల్+ఎల్. ఇల్లస్ట్రేటర్‌లో ఇదే పనిని కాంపౌండ్ పాత్ అంటారు, దానికి కంట్రోల్+8. నువ్వు ఉత్త "కంట్రోల్+కె నొక్కండి" అని రాస్తే సగంమంది చేతుల్లో పని తిరగబడుతుంది. కీ రాసిన ప్రతిచోటా సాఫ్ట్‌వేర్ పేరు రాయి. 2023లో వచ్చిన ఇంక్‌స్కేప్ 1.3లోని షేప్ బిల్డర్ (ముక్కల్ని మౌస్‌తోనే కలిపే, తీసేసే టూల్) గురించి ఈ వ్యాసంలో వద్దు, దానికి వేరే వ్యాసం కావాలి.

తిరగరాశాక కిరీటం ఫైల్ కూడా కలిపి పంపు. పీఎన్‌జీ వద్దు, అది ఫోటోలాంటిది, అందులో ముక్కలు దొరకవు. గీతలు అలాగే ఉండే ఎస్‌వీజీ పంపితే నువ్వు రాసిన వరసలోనే ఒక చిల్లు జరిపి చూసి, ఎక్కడ ఆగిపోయానో గుర్తుపెట్టి పంపుతాను.

ఇట్లు,
మీ అన్న