బొమ్మల సినిమాలు సరే, ఆ నొప్పి బిళ్లల సంగతేంటి?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. చిన్నప్పటి నుంచి యానిమేషన్ సినిమాలంటే ప్రాణం. ఇప్పటికీ ఇంట్లో అందరూ పడుకున్నాక లైటు తీసేసి ఫోన్‌లో చూస్తాను. ఒక్కోసారి ఒంటిగంట అవుతుంది. కొన్ని సీన్లకు కన్నీళ్లొస్తాయి. ‘ఇదేటి, సిన్నపిల్లడిలా’ అని ఇంట్లో నవ్వుతారు. మా బావమరిది మానసిక డాక్టరుకు చూపించుకోమంటున్నాడు. ఇది జబ్బా? తలనొప్పి కూడా ఉంది గానీ మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్ల రోజూ ఒకటి వేసుకుంటే తగ్గుతోంది. ఏడెనిమిది నెలలుగా అంతే. మా పెదనాన్న డయాలసిస్ తిరుగుడులో పడి నేను చూపించుకోలేదు.
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: జబ్బు కాదు. మీ బావమరిదికి ఈ మాట చూపించండి. ఆ సినిమాలు పిల్లల కోసమే తీస్తారనుకోవడం సరికాదు. టికెట్టు కొని పక్కన కూర్చునే పెద్దవాళ్లనూ లెక్కలో పెట్టుకునే తీస్తారు. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’లో తప్పిపోయేది పిల్ల చేపే అయినా కథలో సగం పైగా దాన్ని వెతికే తండ్రిదే. 2015 నాటి ‘ఇన్‌సైడ్ అవుట్’ కోసమైతే మనస్తత్వ శాస్త్రవేత్తల సలహాలు తీసుకున్నారు. అలాంటివి చూస్తే కళ్లు చెమర్చడం సహజం. సినిమా కట్టేశాక కూడా దిగులు వదలకుండా రెండు వారాలకు పైగా ఉంటే, పని మీద ధ్యాస పోతే, బతుకు మీద విరక్తిగా అనిపిస్తే మాత్రం 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబరు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక నన్ను కంగారు పెట్టింది ఆ బిళ్ల. దాని పేరైనా రాయలేదు మీరు. షాపుల్లో తలనొప్పికి అడిగితే చాలాసార్లు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివో, అవి కలిపినవో ఇస్తుంటారు. ఎప్పుడో ఒకటి వేసుకోవడం వేరు, నెలల తరబడి రోజూ వేసుకోవడం వేరు. ఈ రకం మందులు కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. ఎండలో తిరిగి నీళ్లు సరిగా తాగని రోజున ఆ దెబ్బ మరీ ఎక్కువ. పైగా మీది పలాస. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు చుట్టూ కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు నేను చెప్పాలా? నీళ్లా, ఎండలో పనా, మరొకటా, అసలు కారణం ఇంకా తేలలేదు. తేలనంతకాలం, తెలిసిన హానినైనా నెత్తికెత్తుకోకూడదు కదా. ఇంట్లో ఒక మనిషి డయాలసిస్ మీద ఉండగా రోజూ నొప్పి బిళ్ల మింగడమేమిటండీ! చదువుకున్నవారు, లెక్కలు చూసేవారు.

ఇంకో చిక్కుంది. నెలలో 15 రోజులు, అంతకు మించి మామూలు నొప్పి మాత్రలు మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి వచ్చే అవకాశం ఉంది. రెండు మూడు మందులు కలిపి చేసిన మాత్రలైతే నెలకు పది రోజులు వాడినా ఆ చిక్కు రావచ్చు. వేసుకుంటే తగ్గడం, మర్నాడు మళ్లీ రావడం, మళ్లీ వేసుకోవడం, మీరు రాసింది దాదాపు ఇలాగే ఉంది. మానేసిన మొదటి రోజుల్లో నొప్పి పెరగవచ్చు, అందుకే డాక్టరు పర్యవేక్షణలో మానాలి. ‘పారాసిటమాల్‌కి మారిపోతాను’ అని మీకు మీరే నిర్ణయించుకోకండి. కిడ్నీకి అది కొంత నయమే గానీ రోజూ అయితే ఇదే చిక్కు.

మిమ్మల్ని చూడకుండా, బీపీ కొలవకుండా ఇదే కారణమని నేను చెప్పలేను. మైగ్రేన్ కావచ్చు, బీపీ కావచ్చు, నిద్ర చాలకపోవడం కావచ్చు. నలభై దాటితే దగ్గరి చూపు తగ్గడం మామూలే, చీకట్లో ఫోన్ చూసి కళ్లు లాగుతూ ఉండవచ్చు. ఈ వారంలోనే బీపీ చూపించుకుని, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), షుగరు, మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి దిగే ప్రొటీన్) పరీక్షలు చేయించండి. కిడ్నీ చాలా దెబ్బతినేదాకా ఒంట్లో ఏమీ తెలియకపోవచ్చు, ‘నాకు బాగానే ఉంది’ అన్న మాటను నేను నమ్మను. 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది. పెదనాన్నగారిని తీసుకెళ్లిన రోజే మీరూ ఓపీ చీటీ రాయించుకోవచ్చు. కళ్ల పరీక్ష ఆ తర్వాత చేయించండి.

ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, చెయ్యి కాలు పట్టు తప్పినా, చూపు తగ్గినా, జ్వరంతో మెడ బిగిసినా ఈ జవాబు చదువుతూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి.

సినిమా మానక్కర్లేదు. పెందరాళే, లైటు వేసుకుని, వీలైతే టీవీలో చూడండి. ఒంటిగంట దాకా మాత్రం వద్దు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ బిళ్లల అట్ట ఖాళీదైనా సరే జేబులో పెట్టుకెళ్లండి. ‘తెల్లగా, గుండ్రంగా ఉంటుందండీ’ అంటే మాకేం తెలుస్తుంది?