ఎండిన ఏటిని చదవబోతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

పెన్నా ఎగువన వంకలు ఎలా మారుతున్నాయన్నదే నీ పీహెచ్‌డీ అంశమని, ఏడాదికి నాలుగుసార్లు అక్కడికి వెళ్తే చాలునా అని అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. మన పనిలో ఎన్నిసార్లు వెళ్లావన్నదాని కంటే ఎప్పుడు వెళ్లావన్నదే ముఖ్యం. గోదావరి ఏడాది పొడవునా ఏదో ఒక పని చేస్తూనే ఉంటుంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం సీమలో వంక మాత్రం ఏళ్ల తరబడి ఎండి ఉండి, ఒక రాత్రి ఉరికి వచ్చి, గట్టు కోసి, చేలల్లో ఇసుక మేటలు వేసి, రెండు రోజుల్లో మళ్లీ ఎండిపోతుంది. వారంలోపు నువ్వు అక్కడికి చేరకపోతే పశువుల గిట్టలూ ట్రాక్టరు చక్రాలూ సగం సాక్ష్యాన్ని చెరిపేస్తాయి. తుమ్మకొమ్మలకు చిక్కుకున్న చెత్త ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలుచుకో. ప్రయాణ ఖర్చులో మూడోవంతు ఇలాంటి అనుకోని ప్రయాణాల కోసం అట్టే పెట్టుకో. గైడు గొణిగినా పట్టించుకోకు.

కొలిచే చోట్లు నాలుగైదు చాలు, కానీ వాటిని ఉద్యోగ జీవితమంతా వదలకూడదు. గుర్తులను గట్టు మీద కాక బండ మీదో వంతెన మీదో పెట్టుకో. నేను మొదట పాతిన రాళ్లు గట్టుతో సహా కొట్టుకుపోయాయి.

పాత రూపం కోసం సర్వే ఆఫ్ ఇండియా పటాలున్నాయి. 1960-72 మధ్య కరోనా అనే పేరున్న అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన చిత్రాలు 1995లో బయటికి వచ్చాయి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి. అయితే వేసవి చిత్రాన్ని కార్తీకమాసపు చిత్రం పక్కన పెట్టి ఏరు సన్నబడిందని తేల్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నువ్వు వాళ్లలో చేరకు.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటి చెబుతాను. ఒక వంక అడుగుభాగం నిలువెత్తు లోతుకు కోసుకుపోవడం చూసి, వానల తీరు మారిందని ఒక వ్యాసం రాసేశాను. అచ్చయ్యాక మళ్లీ వెళ్తే గొర్రెలు కాసే పెద్దాయన నవ్వాడు: "పైన కట్ట కట్టి, కింద లారీలతో ఇసుక తోలితే వంక గుంత పడక ఏం జేస్తాది సార్?" మోసుకొచ్చిన ఇసుకను జలాశయంలో వదిలేసి దిగువకు దూకే నీరు అడుగును గీకుతుందని నేనే తరగతిలో చెప్పేవాణ్ని. ఆకాశాన్ని తప్పుపట్టే ముందు చెరువులూ బోర్లూ ఇసుక క్వారీలూ లెక్క చూసుకో.

కాలనిర్ణయంలో ఇంకో చిక్కుంది. ఇసుకరేణువు చివరిసారి ఎప్పుడు వెలుగు చూసిందో చెప్పే పద్ధతి కోసం ఇనుప గొట్టాన్ని గట్టులోకి సుత్తితో దిగగొట్టి, రెండు కొసలూ నల్లగుడ్డతో మూసి తెస్తాం, ఎర్రదీపం కిందే తెరుస్తాం. కానీ రాత్రివేళ బురదనీటిలో కొట్టుకొచ్చిన ఇసుకకు ఎండ సరిగా తగలదు కాబట్టి వయసు అసలు కంటే ఎక్కువగా వస్తుంది. అందుకే నిన్నటి వరద ఇసుకను కూడా పరీక్షకు పంపు. దాని వయసు సున్నాకు దగ్గరగా రాకపోతే మిగతా అంకెలను నమ్మడానికి తొందరపడకు.

మూడేళ్లూ వరద రాకపోతే దిగులుపడకు. కాలిన్ మెకంజీ సేకరింపజేసిన ఊళ్ల చరిత్రలు, అంటే కైఫీయతులు చదువు, 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం చూడు. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలూ, తగని ఆరు దోషాలూ అందులో చెప్పారు. వీలు చూసుకుని బొమ్మనహాళ్ వైపు కూడా వెళ్లు. అక్కడి వేదవతి నది ఎండిన ఇసుకను నైరుతి గాలి ఎత్తుకెళ్లి పొలాల మీద దిబ్బలు పోస్తోంది. గట్టు దగ్గరే నీ పటం ఆపేస్తే అవేవీ అందులోకి రావు.

నా కొలతల పుస్తకాలు అట్టపెట్టెలో ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లు. రెండు చోట్ల, కొలతలు మొదలుపెట్టే సున్నా గుర్తును మధ్యలో మార్చాను. ఆ సంగతి పేజీ అంచున పెన్సిలుతో రాసి ఉంటుంది, వెతుక్కో.