గ్రీన్ సాల్వెంట్ల మీద పరిశోధన చేస్తానంటోంది... ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం. గ్రీన్ సాల్వెంట్లతో నీటిలోని కాలుష్యాన్ని తొలగించే పరిశోధన చేస్తానంటోంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో గ్రీన్ కెమిస్ట్రీ పేరుతోనే ఎమ్మెస్సీ ఉంది, ఫీజు చాలా ఎక్కువ. అది మంచిదా, మామూలు ఎమ్మెస్సీ మంచిదా? ఇవన్నీ అయ్యేసరికి వయసు మీరిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, సంగారెడ్డి

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించి, భయపడుతున్నది పెళ్లి గురించి. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. అబ్బాయిల తండ్రులు మాత్రం ఆ చివరి వాక్యం రాయరండీ. ఎమ్మెస్సీ రెండేళ్లే. పీహెచ్‌డీ చేయాలా, ఉద్యోగంలో చేరాలా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. కెమిస్ట్రీ బాగా వచ్చిన పిల్ల ఖాళీగా కూర్చోదు, ముఖ్యంగా హైదరాబాద్ చుట్టుపక్కల.

ఇక ఈ గ్రీన్ సాల్వెంట్ల సంగతి, అంటే పర్యావరణానికి తక్కువ హాని చేసే ద్రావకాల సంగతి. మెంథాల్, డెకనాయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం విడిగా ఘన పదార్థాలు. తగిన పాళ్లలో కలిపితే ద్రవమవుతాయి. ఆ ద్రవం నీళ్లపై తేలుతూ కొన్ని పురుగుమందులను తనలోకి లాగేసుకుంటుంది. నీళ్లలో కలవని ఇలాంటి మిశ్రమాల మీద పరిశోధన 2015 నుంచి ఊపందుకుంది. చిన్న గాజు సీసాలో చూస్తే ముచ్చటేస్తుంది. రోజుకు లక్షల లీటర్లు శుద్ధి చేసే చోట ఇదే పని చేయగలరా అన్నదే నా అనుమానం. ద్రవం కాస్త నీళ్లలో మిగిలినా సీఓడీ (నీటిలోని సేంద్రియ కాలుష్యాన్ని తెలిపే కొలత) పెరుగుతుంది, అంటే ఒక కాలుష్యాన్ని తీసి ఇంకొకటి కలిపినట్టే. లాగేసుకున్న పురుగుమందును మళ్లీ ద్రవం నుంచి విడదీయాలి, దానికి వేరే ఖర్చు. ఈ రంగంలో అందరూ ముందుగా చెప్పే కోలిన్ క్లోరైడ్–యూరియా మిశ్రమమైతే నీళ్లలో పోస్తే కరిగిపోతుంది. ఇక దాన్ని వేరు చేసేదెలా? కాలేజీ బ్రోషర్లలో ఇవేవీ రాయరు.

మీ జిల్లా పటాన్‌చెరులో ఫార్మా కంపెనీల వ్యర్థ జలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. అంటే సమస్య మీ ముంగిట్లోనే ఉంది. ఆ అంకెను పట్టించింది మాస్ స్పెక్ట్రోమీటర్, అణువుల బరువును బట్టి పదార్థాలను గుర్తించే యంత్రం. దానిమీద చేయి తిరిగినవాళ్లకు ఫార్మా ల్యాబుల్లో, నీటి పరీక్ష కేంద్రాల్లో పని దొరుకుతుంది. గ్రీన్ సాల్వెంట్ల చదువు కూడా వృథా పోదు. డైక్లోరోమీథేన్ లాంటి హానికరమైన ద్రావకం బదులు 2-మిథైల్ టీహెచ్ఎఫ్ లాంటి గ్రీన్ సాల్వెంట్లు వాడే పని ఫార్మా ప్రాసెస్ విభాగాల్లో ఉంటుంది.

అందుకే మామూలు ఎమ్మెస్సీ చాలు, ఆర్గానిక్ గానీ అనలిటికల్ గానీ. గ్రీన్ అన్న పేరు కోసం అదనపు ఫీజు కట్టకండి. ఇష్టమైన అంశాన్ని ప్రాజెక్టులో చేసుకోవచ్చు. రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ హైదరాబాద్‌లోనే ఉంది, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి నాగ్‌పూర్‌లో ఉంది.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. ఇంత పెద్ద ఉత్తరంలో ఈ సబ్జెక్టు ఆమెకెందుకు నచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. అసలు అడిగారా? ఎక్కడ చేర్చినా ముందు ల్యాబ్ చూడండి. విద్యార్థుల చేత హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) నడిపిస్తారా, అద్దంలోంచి చూపించి పంపిస్తారా కనుక్కోండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లి, ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి.