రాత్రిపూట పరుగెత్తే అబ్బాయి

ప్రశ్న: మాది విజయవాడ. పదమూడేళ్లుగా సింగపూర్‌లో ఉంటున్నాం. ఇంట్లో అందరికీ పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు ఉంది. బాబుకి వచ్చే నెల పదహారు నిండుతాయి. పద్దెనిమిదేళ్లకి ఇక్కడ రెండేళ్లు నేషనల్ సర్వీస్, అంటే సైన్యంలోనో పోలీసులోనో తప్పనిసరి సేవ చేయాలి. ‘రెండేళ్లు దండగ. వీడి ఈడు పిల్లలు అక్కడ బీటెక్ సగం చేసేస్తారు. హైదరాబాద్‌లో మా అక్క ఇంట్లో ఉంచి ఇంటర్ చదివిద్దాం, పీఆర్ సంగతి తర్వాత చూద్దాం’ అంటారు మావారు. అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా ఏడుపే. రోజూ గొడవ. బాబు ఏమీ మాట్లాడడు, తినేసి గదిలోకి పోతాడు. ఈమధ్య రాత్రి పదింటికి కింద పార్కులో పరుగెత్తి వస్తున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీవారి మాట రాశారు, అత్తగారి ఏడుపు రాశారు, ఆడపడుచు ఇల్లు కూడా వచ్చింది. బాబు ఏమనుకుంటున్నాడో ఒక్క ముక్క లేదు. మీకేం కావాలో కూడా లేదు.

ముందు కాగితాల సంగతి చూద్దాం. ‘తర్వాత చూద్దాం’ అనే వీలు ఇందులో లేదు. పదమూడు దాటిన అబ్బాయి మూడు నెలలు, అంతకు మించి సింగపూర్ బయట ఉండాలంటే ఎగ్జిట్ పర్మిట్ అనే అనుమతి తీసుకోవాలి. అది లేకుండా అక్క ఇంట్లో రెండేళ్లు ఇంటర్ అంటే నేరమవుతుంది. పదివేల సింగపూర్ డాలర్ల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు, లేదా రెండూ. పదహారున్నరకి సర్వీస్‌కి పేరు నమోదు చేసుకోమని నోటీసు వస్తుంది, అంటే మీకు ఆరేడు నెలలే ఉన్నాయి. సర్వీస్ చేయకుండా పీఆర్ వదులుకుంటే రేపు వాడు సింగపూర్‌లో చదువుకో ఉద్యోగానికో దరఖాస్తు పెట్టినప్పుడు అది అడ్డొస్తుంది. పీఆర్ ఉన్నవాళ్లు బయటికెళ్లి తిరిగి రావడానికి ఉండాల్సిన మీ రీ ఎంట్రీ పర్మిట్ పొడిగింపు మీద కూడా ప్రభావం పడొచ్చు. మీవారిలా ఉద్యోగం మీద పీఆర్ తెచ్చుకున్న మొదటి తరానికి సర్వీస్ లేదు, వాళ్ల ద్వారా పీఆర్ వచ్చిన కొడుకులకి ఉంది. ఆరోజు సంతకం పెట్టినప్పుడు తెలిసిన షరతే ఇది. మీవారిని తప్పుపట్టడానికి అనడం లేదు. మూడేళ్ల పిల్లాడు ఒళ్లో ఉన్నప్పుడు పద్దెనిమిదేళ్ల గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఇక రెండేళ్ల లెక్క. బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో కోచింగ్‌ల చుట్టూ రెండేళ్లు తిరిగిన పిల్లల తల్లులు నాకు బోలెడుమంది ఉత్తరాలు రాశారు. ఆ రెండేళ్లని ఎవరూ దండగ అనలేదు. సింగపూర్‌లో జూనియర్ కాలేజీయో పాలిటెక్నికో పూర్తయ్యేదాకా సర్వీస్ వాయిదా ఇస్తారు, అక్కడి యూనివర్సిటీలో వచ్చిన సీటును సర్వీస్ అయ్యేదాకా అట్టే ఉంచుతారు.

అత్తగారి భయం ఉత్తిది కాదు. ట్రైనింగ్‌లో ప్రమాదాలు జరిగాయి, అరుదుగా ప్రాణాలూ పోయాయి. ‘ఏం కాదులెండి’ అని కొట్టిపారేస్తే ఆవిడ ఏడుపు ఇంకా పెరుగుతుంది. చేరేముందు వైద్య పరీక్ష ఉంటుంది. చిన్నప్పటి ఆయాసంలాంటివి ఏమున్నా అక్కడ దాచకుండా చెప్పించండి. అందరినీ సైన్యంలోకే తీసుకోరు, పోలీసుకీ ఫైర్, అంబులెన్స్ చూసే సివిల్ డిఫెన్స్‌కీ కొందరిని పంపుతారు. ఎక్కడికన్నది మన ఇష్టం కాదు. సైన్యమైతే ఎక్కువమందికి ట్రైనింగ్ టెకాంగ్ దీవిలో. మొదటిరోజు అమ్మానాన్నల్ని కూడా పడవలో తీసుకెళ్లి, పిల్లలు పడుకునే గది చూపించి, అక్కడి భోజనం పెడతారు. ఇది అత్తగారికి చెప్పండి. మనవడు ఏ మంచం మీద పడుకుంటాడో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

అసలు సంగతి ఆ పరుగు. ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. చేరకముందే ఫిట్‌నెస్ పరీక్షలో తగినన్ని మార్కులు తెచ్చుకుంటే సర్వీస్‌లో రెండు నెలలు తగ్గుతుంది. ఈ విషయం అక్కడి మగపిల్లలందరికీ తెలుసు. మీవాడు దానికోసమే పరుగెత్తుతున్నాడని నేను చెప్పలేను. ఇంట్లో అరుపులు భరించలేక కిందికి పోతున్నాడేమో కూడా. రెండిట్లో ఏదో వాడినే అడగాలి.

ఈ రాత్రి వాడు వచ్చేసరికి మజ్జిగ గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గర ఉండండి. మీవారిని టీవీ కట్టేసి కూర్చోమనండి. ‘ఎందుకు పరుగెత్తుతున్నావ్’ అనొద్దు, అది నిలదీసినట్టుంటుంది. ‘ఇవాళ ఎన్ని రౌండ్లు వేశావురా’ అనండి. బూట్లు విప్పుకుంటూ వాడే మొదలుపెడతాడు. ఒకవేళ మొదలుపెట్టకపోతే రేపు రాత్రి మీవారిని కూడా బూట్లు వేసుకుని వాడితోపాటు కిందికి దిగమనండి.